కుంజరః, కాస్త గట్టిగా

డెబియన్ కొత్త వెర్షన్ వచ్చిందంటే అదేమంత పెద్ద వార్త కాదు. స్టేజీ మీద ఎవరూ నల్ల టీషర్టు వేసుకుని అటూ ఇటూ నడవరు. షాపుల ముందు క్యూలుండవు. 2025 ఆగస్టు 9న పదమూడో వెర్షన్ అలాగే వచ్చింది. పేరు ట్రిక్సీ. ‘టాయ్ స్టోరీ’ సినిమాల్లో బొమ్మల పేర్లు పెట్టుకోవడం వాళ్ళకి ఎప్పట్నుంచో అలవాటు. రెండేళ్ళ పైచిలుకు పని, దాదాపు 70 వేల ప్యాకేజీలు. వీటి వెనక జీతాలిచ్చి పని చేయించుకునే యజమాని అంటూ ఎవరూ లేరు. దేశదేశాల్లో చెదిరి ఉన్న ఓ వెయ్యిమంది సభ్యులు, వాళ్ళకి తోడు పేరూ ఊరూ తెలియని ఎంతోమంది చేసే పని ఇది. కొత్త వెర్షన్ ఎప్పుడొస్తుందని అడిగితే చాలాకాలం వాళ్ళ దగ్గర ఒకటే జవాబు ఉండేది: అయినప్పుడు.

ట్రిక్సీలో కొత్తగా ఏమున్నాయో చెప్పడానికి కాదు ఇది రాస్తున్నది. ఇందులో ఇప్పటికే పాతబడిపోయి, ఎవరూ పట్టించుకోవడం మానేసిన ఒక మార్పు ఉంది. దీని ముందు వెర్షన్, అంటే 2023 జూన్‌లో వచ్చిన బుక్‌వర్మ్‌తో అది మొదలైంది. ట్రిక్సీ నాటికి మామూలైపోయింది. ఏ విషయమైనా మామూలైపోయాకే దాని గురించి కాస్త నింపాదిగా ఆలోచించగలం అనిపిస్తుంది నాకు. ఆ మార్పు ఇదీ: ఒక మాట ఇచ్చినవాళ్ళు, పాతికేళ్ళ తర్వాత, అందరి ముందూ ఓట్లేసుకుని ఆ మాటని సవరించుకున్నారు. దీన్ని మాట తప్పడం అనాలా?

ముందు ఆ మాటేమిటో చూద్దాం. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ అనే కాలేజీ కుర్రాడు ఈ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. తను ప్రేమించిన డెబ్రా పేరూ, తన పేరూ కలిపి డెబియన్ అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత, 1997లో, ఆ ప్రాజెక్టు వాళ్ళు ‘సామాజిక ఒప్పందం’ అని ఒక చిన్న పత్రం రాసుకున్నారు. ఐదు అంశాలు. మొదటిది: డెబియన్ నూటికి నూరు శాతం స్వేచ్ఛగానే ఉంటుంది. నాలుగోది: మా ప్రాధాన్యం వాడుకునేవాళ్ళకీ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కీ.

ఇక్కడ ‘ఫ్రీ’ అన్న మాట గురించి ఇంగ్లీషువాళ్ళు నలభై ఏళ్ళుగా సంజాయిషీ ఇచ్చుకుంటూనే ఉన్నారు, డబ్బులు అక్కర్లేదని కాదు మా ఉద్దేశం అని. మనకా తిప్పలు లేవు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో ఈ ఉద్యమాన్ని నడిపేవాళ్ళు తమ సంస్థకి ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకున్నారు. ప్రోగ్రాం లోపల ఏముందో చదవగలగాలి, మార్చుకోగలగాలి, మార్చినదాన్ని పక్కవాళ్ళకి ఇవ్వగలగాలి. స్వేచ్ఛ అంటే అదీ. డెబియన్‌ని ఎక్కించుకునేటప్పుడు భాషల జాబితాలో తెలుగు కనబడుతుందంటే అది ఏ కంపెనీయో మన మార్కెట్‌ని లెక్కగట్టి ఇచ్చింది కాదు. మార్చుకునే హక్కు ఉంది కాబట్టి ఎవరో కూర్చుని ఒక్కో వాక్యం తెలుగు చేశారు.

ఆ ఒప్పందంలో మొదటి అంశానికీ నాలుగో అంశానికీ మామూలు రోజుల్లో గొడవ లేదు. గొడవ ఫర్మ్‌వేర్ దగ్గర వచ్చింది.

మన లాప్‌టాప్‌లో వైఫై చిప్ ఉంటుంది. అది కూడా ఒక బుల్లి కంప్యూటరే. దానిలోపల నడవడానికి దానికంటూ ఒక చిన్న ప్రోగ్రాం కావాలి. చాలా చిప్పులు ఆ ప్రోగ్రాంని తమలో దాచుకోవు. లాప్‌టాప్ ఆన్ చేసినప్పుడల్లా డిస్క్ మీంచి దాన్ని అందించాలి. దాన్ని తయారుచేసిన కంపెనీ మనకి ఇచ్చేది చదవడానికి వీల్లేని అంకెల ముద్ద మాత్రమే. వైఫై ఒక్కటే కాదు, గ్రాఫిక్స్ చిప్, సౌండ్ చిప్, కొన్నిసార్లు నెట్‌వర్క్ కేబుల్ దూర్చే పోర్టు కూడా ఇలాగే. ఆ ముద్ద స్వేచ్ఛగా లేదు కాబట్టి డెబియన్ నిర్వచనం ప్రకారం అది డెబియన్ కాదు. 2011లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి కెర్నెల్లో అలాంటివన్నీ ఏరి బయట పెట్టారు.

ఈమధ్య మా పక్కింటి అమ్మాయి లాప్‌టాప్‌లో ట్రిక్సీ ఎక్కించాను. ఎమ్.ఏ. తెలుగు చదువుతోంది. వైఫై ఏ పేచీ లేకుండా వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడి నుంచి వస్తుందో రాసి ఉండే ఫైలు తెరిచి చూపిస్తుంటే ఒక మాట దగ్గర వేలు పెట్టి ఆగింది.

“అన్నా, ఇక్కడ నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని ఉందేంటి? నువ్వు నూటికి నూరు అన్నావుగా?”

“నూటికి నూరే. అది డెబియన్ లెక్కలోకి రాదు, విడిగా ఉంటుంది.”

“డిస్కులో ఉంది, లెక్కలో లేదు. ఇదేదో ధర్మరాజు లెక్కలా ఉందే!”

తెలుగు ఎమ్.ఏ.లతో వచ్చే ఇబ్బంది ఇదే. ఆ పోలిక నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అది సరైన పోలికే, కాకపోతే 2023 తర్వాతి డెబియన్‌కి కాదు. అంతకుముందు డెబియన్‌కి.

2023కి ముందు పరిస్థితి ఎలా ఉండేదంటే, డెబియన్ అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఈ ఫర్మ్‌వేర్ ఉండేది కాదు. మాట నిలబడింది. కానీ అదే ప్రాజెక్టు సర్వర్ల మీద, ఒక మూల, ‘అనధికారికం’ అన్న పేరుతో ఇంకో ఇన్‌స్టాలర్ ఉండేది. అందులో ఫర్మ్‌వేర్ ఉండేది. దాన్ని తయారుచేసేదీ డెబియన్‌వాళ్ళే. తెలిసినవాళ్ళు కొత్తవాళ్ళకి చెప్పే మొదటి చిట్కా అదే: ముందు పేజీలో కనబడేది వద్దు, ఫలానా చోటికి వెళ్ళి ఇంకోటి దించుకో. అంటే అశ్వత్థామ చచ్చాడని గట్టిగా, కుంజరః అని నోట్లో. ధర్మరాజు అబద్ధమాడలేదు. చచ్చింది నిజంగానే ఏనుగు. డెబియన్ కూడా అబద్ధమాడలేదు. అధికారిక డిస్కు నిజంగానే నూటికి నూరు స్వేచ్ఛ.

ధర్మరాజు అన్నదాంట్లో తప్పెక్కడుంది మరి? చెప్పిన వాక్యంలో అబద్ధం లేదు కదా. నాకు తోచినంతలో, ఆ తప్పు వాక్యంలో లేదు, గొంతులో ఉంది. ద్రోణుడు ఆయుధాలు కింద పెట్టాలా వద్దా అని నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయానికి కావలసిన ముక్క అతని చెవిదాకా రాకుండా చేశారు. లేని లోకాన్ని ఉన్నదనుకుని అతను నిర్ణయం తీసుకున్నాడు. పోయింది ద్రోణుడి ప్రాణమే కాదు, అతని ఎంపిక కూడా. ముందు పేజీ చూసి అధికారిక డిస్కు దించుకుని, తీరా వైఫై రాక, ఎందుకు రాలేదో తెలియక, ‘లైనక్స్ మనవల్ల కాదు’ అనుకుని వదిలేసే కొత్త మనిషి పరిస్థితి కూడా చిన్న ఎత్తున అలాంటిదే. ఆ మూలనున్న రెండో డిస్కు సంగతి చెప్పేవాళ్ళు చుట్టూ ఉన్నవాళ్ళకి అందింది. ఎవరూ లేనివాళ్ళకి అందలేదు.

దీనికి విరుగుడు ఏమిటి? ‘అసలా రెండో డిస్కే ఉండకూడదు, మాటంటే మాటే’ అనేవాళ్ళున్నారు. అది హరిశ్చంద్రుడి దారి. మనం హరిశ్చంద్ర నాటకం చూసి, పద్యాలు విని పెరిగిన జనం. కాటిసీను వచ్చేసరికి ఎన్ని ఊళ్ళల్లో ఎంతమంది కళ్ళు తుడుచుకున్నారో. ఆ కన్నీళ్ళు ఎవరి కోసం అని అడిగితే మాత్రం జవాబు కొంచెం తికమక పెడుతుంది. మాట ఇచ్చింది హరిశ్చంద్రుడు. అమ్ముడుపోయింది చంద్రమతి. పాము కరిచి పోయింది లోహితుడు. రాజు తన్ను కూడా అమ్ముకున్నాడు, నిజమే. అయితే అతని సత్యానికి అతనికి కీర్తి అయినా దక్కింది. ఆ పిల్లవాణ్ణి ఎవరూ అడగలేదు. చివర్లో దేవతలు దిగొచ్చి అందరినీ బతికించేస్తారు కాబట్టి ఆ ప్రశ్న మనం ఇంటికి తీసుకెళ్ళం. ఫర్మ్‌వేర్ విషయంలో దేవతలెవరూ దిగరు.

ఒక ఉదాహరణ చూడండి. డెబియన్ ఇన్‌స్టాలర్ మాట్లాడుతుంది. చూపులేనివాళ్ళు మెనూలో ఒక్క మీట నొక్కితే, తెర మీద ఉన్నదంతా చదివి వినిపిస్తూ దారి చూపిస్తుంది. ఇంకొకరి సాయం లేకుండా తమ కంప్యూటర్‌ని తామే సిద్ధం చేసుకోవచ్చు. స్వేచ్ఛ అనే మాటకి ఇంతకంటే మంచి అర్థం నాకు తెలియదు. ఇప్పటి కొత్త లాప్‌టాప్‌ల్లో చాలావాటికి సౌండ్ రావాలన్నా ఫర్మ్‌వేర్ కావాలి. అది లేని డిస్కు పెడితే ఆ మాట్లాడే ఇన్‌స్టాలర్ మూగబోతుంది. చూపున్నవాడు వైఫై లేకపోతే కేబుల్ తగిలిస్తాడు, ఫోన్‌లో వెతుక్కుంటాడు. చూపులేని మనిషికి మొదటి మెట్టే లేదు. ఇక్కడ సూత్రం నిలబెట్టుకున్నది ఒకరు, మూల్యం ఇచ్చింది ఇంకొకరు.

ఇంకొకటి. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అని ప్రాసెసర్లలో లోపాలు బయటపడ్డాయి. వాటిలో కొన్నింటిని సరిచేయడానికి ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్‌ని మార్చాలి. ఆ కొత్త మైక్రోకోడ్ కూడా చదవడానికి వీల్లేనిదే. సూత్రం కోసం దాన్ని వద్దనుకుంటే ప్రాసెసర్ స్వేచ్ఛాజీవి అయిపోదు. ఫ్యాక్టరీలో ఎక్కించిన పాత మైక్రోకోడే, లోపాలతో సహా, నడుస్తూ ఉంటుంది. అదీ మూసిన పెట్టే. మనం ఎంచుకుంటున్నది స్వేచ్ఛకీ బందీకీ మధ్య కాదన్నమాట. కనిపించే సంకెలకీ కనిపించని సంకెలకీ మధ్య. డిస్క్ మీద ఉంటే తప్పు, అదే ముద్దని చిప్‌లో శాశ్వతంగా అచ్చువేసేస్తే ఫర్వాలేదు అనే వాదన కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలో ఉంది. మార్చడానికి ఎవరికీ వీల్లేనప్పుడు దాన్ని సర్క్యూట్‌లో భాగంగానే చూడొచ్చు అన్నది అందులో తర్కం. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. కానీ ఆ తర్కం చివరికి, కళ్ళబడకపోతే చాలు అనే చోటికి చేరుతుందేమో అని నా భయం.

హరిశ్చంద్రుడి పక్షాన ఒక బలమైన మాట ఉంది. అది చెప్పకుండా ముందుకి పోతే అన్యాయం. అసలీ ఉద్యమమే ఒక మూసిన పెట్టె దగ్గర మొదలైంది. 1980 ప్రాంతంలో ఎమ్ఐటీలోని ఒక లాబ్‌కి జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అది తరచూ ఇరుక్కుపోయేది. ప్రోగ్రాం ఇస్తే బాగు చేసుకుంటామని రిచర్డ్ స్టాల్‌మన్ అడిగాడు. సోర్స్‌కోడ్ చేతిలో ఉన్న మనిషి, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టాను, ఇవ్వలేనన్నాడు. 1983లో స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు వెనక ఆ కోపం ఉంది. ఆ రోజు అతను ‘పోన్లే, ప్రింటర్ పనిచేస్తే చాలు’ అనుకుని ఉంటే? మొండివాళ్ళ వల్ల కొన్ని తలుపులు తెరుచుకుంటాయి. 2013లో ఒక రకం యూఎస్‌బీ వైఫై చిప్పుల ఫర్మ్‌వేర్‌ని దాని తయారీదారే సోర్స్‌కోడ్‌తో సహా విడుదల చేశాడు. అడిగేవాళ్ళు ఎవరూ లేకపోతే అలాంటివి జరుగుతాయని నేననుకోను. అందరి డిస్కుల్లోనూ మూసిన ముద్దలు హాయిగా పనిచేసేస్తుంటే ఇంక అడిగేదెవరు? ప్రతి రాజీ ‘జనం కోసమే’ అంటూ వస్తుంది. తన కోసం అని చెప్పుకున్న రాజీని నేనింతవరకూ చూడలేదు.

ఈ వాదనకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఒత్తిడి అనేది ఎవరి మీద పడుతోందో చూడాలంటాను. స్టాల్‌మన్ కోపం ప్రోగ్రాం ఇవ్వనివాళ్ళ మీదకి వెళ్ళింది. ఫర్మ్‌వేర్ లేని డిస్కు వల్ల చిప్ చేసిన కంపెనీకి రాత్రి నిద్ర పట్టకపోవడం అనేదేమీ లేదు. నిద్ర లేనిది సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనుక్కుని దాని ముందు కూర్చున్న కుర్రాడికి. సత్యాగ్రహం చేసేవాడు తను పస్తుంటాడు. పక్కవాడి కంచం లాగేసి ‘మనం నిరాహారదీక్షలో ఉన్నాం’ అనడు.

2022లో డెబియన్ సభ్యులు ఈ విషయం మీద ఓటింగ్ పెట్టుకున్నారు. ఉన్నది ఉన్నట్టు ఉంచుదాం అన్న దగ్గర్నుంచి రెండు డిస్కులూ పక్కపక్కనే పెడదాం అన్నదాకా రకరకాల ప్రతిపాదనలు. సామాజిక ఒప్పందాన్ని తాకాలంటే మామూలు మెజారిటీ చాలదు. ప్రతి వ్యతిరేక ఓటుకీ మూడు అనుకూల ఓట్లుండాలి. ఆ గడప దాటి గెలిచిన ప్రతిపాదన ఏమిటంటే: డిస్కు ఒకటే ఉంటుంది, ఫర్మ్‌వేర్ అందులోనే ఉంటుంది, ఆ సంగతి ఒప్పందంలోనే రాసుకుంటాం. ఐదో అంశానికి ఒక వాక్యం చేర్చారు. డెబియన్‌లో భాగం కాని ఫర్మ్‌వేర్‌ని, అది లేనిదే నడవని యంత్రాల కోసం, అధికారిక డిస్కుల్లో పెట్టవచ్చని దాని సారాంశం. దానికోసం నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని ఒక ప్రత్యేక విభాగం తెరిచారు. ఇన్‌స్టాలర్ మీ యంత్రానికి ఏది అవసరమో చూసి అదే పెడుతుంది. ఏం పెట్టిందో తెలుసుకోవచ్చు. అసలే వద్దనుకుంటే మొదట్లోనే ఆపుకోవచ్చు.

కుంజరః అన్న మాటని గట్టిగా పలకడం అంటే ఇది. ఆ విభాగం పేరే చూడండి. ‘అదనపు సౌకర్యాలు’ అనో ‘పరికరాల సహాయం’ అనో మంచి పేరు పెట్టుకోవచ్చు. పెట్టలేదు. ‘ఇది స్వేచ్ఛ కాదు’ అని పేరులోనే ఉంది. పక్కింటి అమ్మాయి వేలు ఆగింది అందుకే. పేరు మెత్తగా ఉంటే ఆగేది కాదు, అడిగేది కాదు.

ఇచ్చిన మాట మార్చుకోవడానికి ఎవరికైనా హక్కుందా అంటే, ఉందనే నా అభిప్రాయం. అయితే కొన్ని షరతులున్నాయి. మార్చినట్టు బయటికి చెప్పాలి. మార్చడం తేలిక కాకూడదు. మార్పు వల్ల మేలు మాట ఇచ్చినవాడికి కాక, మాట అందుకున్నవాడికి జరగాలి. పాత మాటే కావాలనేవాడికి దారి మూసేయకూడదు. మనం మాట తప్పడం అని తిట్టుకునే సందర్భాలు తరచి చూస్తే, దాదాపు ప్రతిసారీ ఈ నాలుగింట్లో ఒకటి తప్పి ఉంటుంది. ఎన్నికల హామీలైనా, పెళ్ళిలో ప్రమాణాలైనా అంతే. పరిస్థితి మారడం కాదు మనల్ని బాధపెట్టేది. మారిన సంగతి మనకి చివర్న తెలియడం.

ఇంత చెప్పాక ట్రిక్సీలోనే ఉన్న ఇంకో నిర్ణయం నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. పాత 32-బిట్ పీసీలకి ఇకమీదట ఇన్‌స్టాలర్ లేదు, కెర్నెల్ లేదు. డెబియన్ పుట్టిందే ఆ రకం యంత్రాల మీద. విడుదలతో వచ్చిన పత్రంలో ఏ దాపరికమూ లేకుండా రాశారు: అలాంటి యంత్రం ఉన్నవాళ్ళు ఈ వెర్షన్‌కి మారొద్దు. వీలైతే 64-బిట్ వెర్షన్‌ని కొత్తగా ఎక్కించుకోండి, లేదంటే ఆ యంత్రానికి విశ్రాంతినివ్వండి. ఇంతకంటే గట్టిగా కుంజరః అనలేరు. పాత యంత్రాల కోసం పనిచేసే చేతులు తగ్గిపోయినప్పుడు, చేస్తున్నట్టు నటించడం కంటే ఇది నయం. అయినా ఆ పాత డబ్బా తప్ప ఇంకోటి లేని మనిషికి నిజాయితీ వల్ల డబ్బా పనిచేయదు కదా. ఆ మనిషికి ఓటు లేదు. ఫర్మ్‌వేర్ ఓటింగ్‌లో కూడా వైఫై రానివాడికి ఓటు లేదు. ఓటున్నవాళ్ళు అతని గురించి ఆలోచించారు, అంతే. ఒకసారి తలుచుకున్నారు, ఇంకోసారి తలుచుకున్నా చేయలేకపోయారు. గట్టిగా చెప్పడం అనేది న్యాయం మొత్తం కాదు. న్యాయం గురించి మాట్లాడుకోవడానికి కావలసిన మొదటి షరతు మాత్రమే. విన్నవాడు కనీసం ఇంకో దారి చూసుకోగలడు, లేదా ఎదురు తిరిగి అడగగలడు. ద్రోణుడికి ఆ రెండూ లేకుండా పోయాయి.

అబద్ధమాడని ధర్మరాజు రథం నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచేదట. ఆ ఒక్క మాటతో చక్రాలు నేలకి తగిలాయట. దాన్ని పతనంగానే చదువుతూ వచ్చాం. నాకు మాత్రం ఇప్పుడు ఇంకోలా అనిపిస్తోంది. గాల్లో నడిచే రథానికి దారిలో గుంట ఉందో, మనిషి ఉన్నాడో తెలియదు. పదమూడు వెర్షన్ల తర్వాత డెబియన్ రథం నేల మీద నడుస్తోంది, కుదుపులతో. పద్నాలుగోది తయారవుతోంది. దాని పేరు ఫోర్కీ. ఆ సినిమాలో చెత్తబుట్టలోంచి తీసిన ప్లాస్టిక్ చెంచాకి కళ్ళూ చేతులూ అతికించి ఒక పాప చేసుకున్న బొమ్మ అది. అందులో ఏయే మాటలు నిలబడతాయో, ఏవి మారతాయో చూడాలి. మారితే మారనివ్వండి. నేను చూడబోయేది రెండే: ఆ మాట ఎంత గట్టిగా చెప్పారు, దాని ఖరీదు ఎవరు కడుతున్నారు.